అందరికీ అరగంటే

గడియారమ్మకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది, లేకపోతే హాజరుపట్టీలో ఏం రాస్తారు? కానీ నీళ్ళు వదిలే పనిలో చేరిన కొత్తల్లోనే వీధులవాళ్ళు ఈ పేరు పెట్టేశారు. ఆవిడకీ నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది, మనిషి న్యాయమంతా ఆ చేతి గడియారంలోనే ఉందాయె! తెల్లవారుతూనే వాల్వు తిప్పే నిలువెత్తు ఇనుప తాళం భుజాన వేసుకుని బయల్దేరేది. వాల్వు గుంట మీది మూత పక్కకి జరిపి, తాళాన్ని లోపలి బుడిపెకి తగిలించి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులా తిప్పేది. ముందు గొట్టంలోంచి గాలి గుర్రుమనేది, ఆ వెనక నీళ్ళు. సరిగ్గా అరగంట. ముల్లు అక్కడికి రాగానే ఇక ఎవరు బతిమాలినా, ఎవరు శాపాలు పెట్టినా, సగం నిండిన బిందె ఎత్తి చూపించినా సరే, తాళం వెనక్కి తిరిగిపోవలసిందే.

"అందరికీ అరగంటే" అనేది. "మా అత్తయ్యకైనా అంతే, ఊరి పెద్దకైనా అంతే."

ఉత్త మాట కాదు అది. గడియారమ్మ ఇల్లు పల్లపు వీధిలోనే. చేరిన కొత్తల్లో అత్తగారు ఇంకో అయిదు నిమిషాలు ఉంచమంటే, ఆవిడ కళ్ళముందే కట్టేసింది. అత్తగారు ఆ పూట అగ్గి మీద గుగ్గిలమైంది గానీ, మర్నాడు పక్కింటావిడతో "మా కోడలు ముక్కుసూటి మనిషమ్మా" అని చెప్పుకుని మురిసిపోయింది. అంతకుముందు ఈ పని చేసినాయన తెలిసినవాళ్ళ వీధికి ఓ చెయ్యి ఎక్కువే తిప్పేవాడు. గడియారమ్మ వచ్చాక ఆ ఆటలు సాగలేదు.

ఆవిడ చేతికింద రెండు వీధులు. ఒకటి పల్లపు వీధి, చదునుగా, వెడల్పుగా ఉంటుంది. రెండోది మెట్ల వీధి. గుట్టకి అతుక్కుని మెట్లు మెట్లుగా పైకి పోతుంది, రెండు ఇళ్ళ మధ్య గొడుగు తెరిస్తే పట్టదు. ఇళ్ళు మాత్రం రెంటికీ ఇంచుమించు సమానం, ఇక్కడో ఎనభై, అక్కడో ఎనభై. ముందు పల్లానికి, తర్వాత మెట్లకి వదిలేది.

ఆ రోజూ అలాగే మెట్ల సగంలో ఉన్న చదును దాకా ఎక్కి, నీళ్ళు వదిలి, అరగంటా గుంట దగ్గరే నిలబడి, గడియారం చూసుకుని, కట్టెయ్యడానికి తాళం మీద చెయ్యేసింది. ఎదురింటి ఇస్త్రీ అక్క గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ అక్కకీ గడియారమ్మకీ మాటలు లేవు. అంటే, తిట్లు తప్ప మాటలు లేవని.

"అయిపోయిందా నీ అరగంట?"

"అయిపోయింది."

"ఇదిగో చూడు." ఇస్త్రీ అక్క కుళాయి కింద ఉన్న బిందెని పక్కకి లాగింది. సగం కూడా నిండలేదు. కుళాయి మూతికి నూలుపోగంత ధార వేలాడుతోంది. "ఇది ఇవాళ్టికి అయిదోది. అయిదుగురం మనుషులం. నా పనికే తెల్లారితే రెండు బిందెలు కావాలి."

"నేనేం చెయ్యను? కిందవాళ్ళకీ అరగంటే, మీకూ అరగంటే. నా దగ్గర పక్షపాతం లేదు."

"నీ అరగంటని ఏం చేసుకోమంటావమ్మా? బిందెలో పోసుకోమంటావా? దాహమేస్తే తాగమంటావా?"

పైమెట్ల మీద బిందెలతో నిలబడ్డవాళ్ళు నవ్వారు. గడియారమ్మకి ఒళ్ళు మండింది. "నీతో నాకేంటి" అని తాళం తిప్పేసి, మూత ధణేలుమని మూసి, దిగిపోయింది. దారంతా గొణుక్కుంటూనే ఉంది. తూచినట్టు పంచుతుంటే మెచ్చుకోరు సరికదా, నవ్వుతారా?

ఇంటికొచ్చేసరికి అత్తగారు వాకిట్లో నిన్నటి డ్రమ్ము ఒంపేస్తోంది. పల్లపు వీధిలో అందరికీ అదే అలవాటు. ఒక డ్రమ్ములో కొత్తవి పట్టుకున్నాక, రెండోదాంట్లో మిగిలిన నిన్నటివి నిలవ నీళ్ళని గుమ్మరించి, తోమి, మర్నాటికి బోర్లిస్తారు. ఒంపిన నీళ్ళు వీధి చివరి కాలవదాకా నురగలు కట్టుకుంటూ పోయాయి. గడియారమ్మ వాటిని రోజూ చూసేదే, ఆ రోజూ చూసింది, చెప్పులు తడవకుండా పక్కనుంచి దాటి ఇంట్లోకి వెళ్ళింది.

*

ఆ వారంలోనే నీళ్ళ ఆఫీసు ఇంజనీరు వచ్చాడు. సన్నగా, మాట త్వరత్వరగా, చెప్పింది రెండోసారి అడిగినా విసుక్కోని మనిషి. ఎక్కడో గొట్టాలు కారుతున్నాయని అనుమానమట, ప్రతి వీధి వాల్వు పక్కనా ఒక మీటరు పెట్టించాడు. గుండ్రటి అద్దం, లోపల అంకెలు.

"వదిలేముందు ఒకసారి చూడమ్మా, కట్టేశాక ఒకసారి చూడు. ఎంత పెరిగిందో నాకు ఫోన్లో చెప్పు, చాలు. లెక్క కిలోలీటర్లలో ఉంటుంది."

గడియారమ్మ తలూపింది. మర్నాడు పల్లపు వీధి కట్టేసి, కొత్త మీటరు మీద వరసగా కనిపించిన అంకెలన్నీ చదివి, గట్టిగా ఫోన్లో చెప్పింది. "ఇరవై ఏడు వేల నలభై కిలోలీటర్లు సార్."

అవతల ఇంజనీరు పక్కున నవ్వాడు. "అన్ని నీళ్ళు వదిలితే ఈపాటికి మీ వీధి పడవల మీద తిరుగుతూ ఉండాలమ్మా! నల్ల అంకెలు మాత్రమే కిలోలీటర్లు. ఎర్రవి లీటర్లు. అంటే ఇరవై ఏడు కిలోలీటర్లు, పైన నలభై లీటర్లు. కిలో అంటే వెయ్యి. కిలోగ్రాములో వెయ్యి గ్రాములున్నట్టు, ఇందులో వెయ్యి లీటర్లు."

"తెలుసు సార్, తొందరలో చదివా" అంది గడియారమ్మ. తెలుసునన్న మాట అబద్ధం. వెయ్యి అన్న మాట నోటికి తెలుసు గానీ, వెయ్యి లీటర్లంటే ఎంతో కంటికి తెలీదు. నవ్వులపాలయ్యానన్న ఉక్రోషం ఒకటి.

మెట్లెక్కి రెండో వీధికి వదిలి, అరగంటకి కట్టేసి, మీటరు చూసింది. ఈసారి నల్ల అంకెలే చదివింది. ఆరు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఆరే.

"సార్, పైనున్న మీటరు పనికిరానిది. మార్పించండి" అంది ఫోన్లో.

"ఎందుకనుకుంటున్నావు?"

"అక్కడ ఇరవై ఏడు, ఇక్కడ ఆరు చూపిస్తోంది. నేను రెండింటికీ అరగంటే వదిలా. ఒక్క నిమిషం తేడా లేదు. మీకు నమ్మకం లేకపోతే పైదాన్ని కిందా, కిందదాన్ని పైనా బిగించి చూడండి. దొంగ మీటరేదో బయటపడుతుంది."

"మంచి మాటే చెప్పావు" అన్నాడు ఇంజనీరు. ఎగతాళిగా కాదు, నిజంగానే. ఆ సాయంత్రమే మనిషిని పంపి మీటర్లు అటుదిటు, ఇటుదటు మార్పించాడు.

మర్నాడు ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. పల్లపు వీధి గుంటలో ఇప్పుడు ఉన్నది ఆ పనికిరాని మీటరు. అరగంట అయ్యాక చూస్తే అది ఇరవై ఏడు పెరిగింది. ఇద్దరూ మెట్లెక్కారు. అక్కడ రెండోది ఆరు పెరిగి ఆగింది.

గడియారమ్మ వంగి, కొంగుతో మీటరు అద్దం తుడిచి, మళ్ళీ చూసింది.

"మీటర్లు మంచివేనమ్మా" అన్నాడు ఇంజనీరు. "ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్ళకి తోసే బలం తగ్గిపోతుంది. అదే గొట్టం, అదే అరగంట. కింద పరుగెత్తే నీళ్ళు ఇక్కడ పాకుతాయి."

"మరి అరగంట?"

"అరగంట అరగంటే. నీళ్ళే వేరు."

*

గడియారమ్మ మొగుడు దర్జీ. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఆ మధ్యాహ్నం జాకెట్టు చేతులు కుడుతూ, పెళ్ళాం అన్నం కంచం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చోవడం చూసి మిషను ఆపాడు.

"ఏమైందోయ్? ఎవరేమన్నారు?"

"కిలోలీటరంటే ఎంత?"

"వెయ్యి లీటర్లని నువ్వే చెప్పావుగా నిన్న."

"వెయ్యి అంటే ఎంతని! ఈ ఇంట్లో పడుతుందా, పట్టదా? డ్రమ్మంతా, బావంతా? నాకు కళ్ళతో చూడాలనుంది."

దర్జీ కాసేపు బుర్ర గోక్కున్నాడు. చదువుకున్నప్పుడు విన్నది ఏదో తట్టింది. "అటు మీటరు, ఇటు మీటరు, ఎత్తు మీటరు. అలాంటి పెట్టె నిండా నీళ్ళు పోస్తే వెయ్యి లీటర్లు. మీటరంటే నాకు తెలీకేం, రోజూ చింపేది అదేగా!"

లేచి, మెడలో టేపు తీసి, సుద్దముక్కతో గచ్చు మీద నలుచదరం గీశాడు. బట్టతానులు చుట్టొచ్చే అట్టగొట్టాలు మూలన పడి ఉంటే నాలుగు తెచ్చి, ఒక్కొక్కటీ మీటరుకి కోసి, నాలుగు మూలలా నిలబెట్టాడు. అవి నిలబడవే! ఒకటి పట్టుకుంటే ఇంకోటి పడుతుంది. చివరికి ఒక్కొక్కదాని మొదట్లో ఇటుకలు ఆనించి, పైన దారం చుట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది. "మొగుడూ పెళ్ళాం పట్టపగలు బొమ్మరిల్లు కట్టుకుంటున్నారా?"

"కిలోలీటరు కట్టుకుంటున్నామమ్మా" అన్నాడు దర్జీ.

గడియారమ్మ దారం కిందనుంచి దూరి ఆ పెట్టె మధ్యలో నిలబడింది. దారం నడుము మీదికి వచ్చింది. చేతులు చాపి నాలుగు పక్కలా తడిమి చూసింది. ఇదన్నమాట కిలోలీటరు! ఇంత చిన్న పేరు, ఇంత పెద్ద ఒళ్ళు. ఆవిడకి ఒక్క క్షణం భలే సంతోషమైంది. కళ్ళకి కనపడని దాన్ని ఇంట్లోకి రప్పించి నిలబెట్టినట్టుంది. వంటింట్లోకెళ్ళి బిందె తెచ్చి బోర్లించి చూసింది. అడుగున పదిహేను లీటర్లని అచ్చువేసి ఉంది. దర్జీ సుద్దముక్కతో నేల మీదే లెక్క కట్టాడు. అరవై ఆరు బిందెలు పోసి, పైన ఇంకో పది లీటర్లు పోస్తే ఆ పెట్టె నిండుతుంది.

"ఇలాంటివి మన వీధికి రోజూ ఇరవై ఏడు" అంది గడియారమ్మ.

దర్జీ టేపుతో గది కొలిచాడు. ఇటు నాలుగు, అటు మూడు. నేల మీద ఒక వరస పేరిస్తే పన్నెండు పెట్టెలు పడతాయి. దాని మీద ఇంకో వరస పేర్చాలి, అప్పటికి నీళ్ళు మనిషి తలని ముంచేస్తాయి. అయినా మూడు పెట్టెలు మిగిలి వాకిట్లో పెట్టుకోవాలి.

"మెట్ల వీధికో?" అన్నాడు.

గడియారమ్మ గదికి అడ్డంగా నడిచి, సగంలో ఆగి, కాలి బొటనవేలితో గీత గీసింది. "ఇక్కడిదాకా. ఒక్క వరస. నడుమెత్తు."

అత్తగారు గుమ్మంలోంచి ఆ గీత వైపు చూసింది. ఎనభై ఇళ్ళకి పంచి చూస్తే, పల్లంలో ఇంటికి ఇరవై రెండు బిందెల పైచిలుకు, మెట్ల మీద ఇంటికి అయిదు. ఆ అయిదూ నిన్నా మొన్నా కాదు, గడియారమ్మ ఆ తాళం పట్టిన రోజునుంచీ. అందరికీ అరగంటేనని ఊరంతా వినేలా చెప్పుకుంటూ, తలెగరేస్తూ, ఆ అయిదు బిందెలే పోసి వచ్చింది. సిగ్గుతో ఆవిడ మొహం కందిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ అత్తగారి ముందు ఏడవడం ఇష్టంలేక కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి గట్టిగానే అంది. "రేపట్నుంచి గడియారం చూసి వదలను. మీటరు చూసి వదులుతా. రెండు వీధులకీ సమానంగా."

"అంటే మన నీళ్ళు కోస్తావా?" అంది అత్తగారు.

"మనవి కాని నీళ్ళు కోస్తా, అత్తయ్యా."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఊరికే అన్నారా? పల్లానికి ఎక్కువ రావడం నీళ్ళ గుణం. అందులో నీ తప్పేముంది, నా తప్పేముంది?"

"పల్లం సంగతి నీళ్ళకి తెలిస్తే చాలు, మెట్ల సంగతి నాకు తెలియాలిగా. తాళం ఉన్నది నీళ్ళ చేతిలో కాదు, నా చేతిలో."

అత్తగారు మూతి ముడుచుకుని లోపలికి పోయింది. ఆ గొట్టాల పెట్టె చాలాసేపు అలాగే ఉంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చుట్టి వెళ్ళాల్సి వచ్చింది.

సాయంత్రం ఆఫీసుకి వెళ్ళి ఇంజనీరుని అడిగింది. ఆయన కాసేపు నీళ్ళు నమిలాడు. "రెండు వీధులకీ కలిపి పొద్దుటిపూట ముప్పై మూడు కిలోలీటర్లని మాకు లెక్కమ్మా. ఎలా పంచాలో ఏ కాగితంలోనూ లేదు. అరగంట చొప్పున అన్నది పాతవాళ్ళ అలవాటు. నువ్వు మారిస్తే నేను కాదనను. కానీ పైకి ఎక్కడానికి గంటం పావు పైనే పడుతుంది, అంతసేపూ నిలబడాలి. పైగా మీ వీధివాళ్ళు నీమీద పడతారు."

"పడనివ్వండి. చెరి పదహారున్నర. అంతేగా?"

"అంతే" అన్నాడాయన.

*

మర్నాడు మీటరు మీద పదహారు కిలోలీటర్లు, ఆపైన అయిదొందల లీటర్లు పెరగగానే గడియారమ్మ తాళం తిప్పింది. పల్లపు వీధిలో కుళాయిలన్నీ ఒక్కసారే గొంతు పట్టినట్టు ఆగాయి. ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

వీధి వీధంతా బయటికొచ్చింది. అందరికంటే ముందు కిరాణా కొట్టాయన, చేతిలో సగం కడిగిన స్కూటరు తుడిచే గుడ్డతో.

"ఏమ్మా గడియారమ్మా, గడియారం పరుగెత్తిందా? అరగంట కాలేదే!"

"ఇక అరగంటలు లేవు. ఇవాళ్టినుంచి కిలోలీటర్లు. మీకు పదహారున్నర, పైవాళ్ళకి పదహారున్నర."

"అందరికీ అరగంటే అని డప్పు కొట్టింది నువ్వు కాదూ?"

"కొట్టా. తప్పు కొట్టా. మీకు అరగంటకి ఇరవై ఏడు వచ్చేది, వాళ్ళకి ఆరు."

"ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాల్చిందట! మన వీధి మనిషే గదా అనుకుంటే మనకే ఎసరు పెట్టింది" అని ఎవరో ఆడమనిషి వెనకనుంచి అంది. "ఆ మెట్లవాళ్ళు నీకేం పెట్టారు?"

గడియారమ్మ కొట్టాయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. నీ కొట్లో బియ్యం ఎలా అమ్ముతావు? బస్తాకి చిల్లు పెట్టి, అర నిమిషంలో ఎంత కారితే అంత నీదని అమ్ముతావా? ఒకడి సంచీకి పెద్ద చిల్లు, ఇంకొకడికి చిన్న చిల్లు, ఇద్దరికీ అర నిమిషమే గదా, న్యాయమే గదా అంటావా?"

"నా తూకంలో గింజ తేడా ఉండదు" అన్నాడు కొట్టాయన ఛాతీ విరుచుకుని. అన్నాక గానీ తెలిసిరాలేదు తానేమన్నాడో. చుట్టూ ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఆయన గుడ్డ దులుపుకుని, "అది వేరు, ఇది వేరు" అంటూ స్కూటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వెళ్ళలేదు. నోటికొచ్చింది అంటూనే ఉన్నారు. మాటలతో మనసులు మారితే లోకం ఎప్పుడో బాగుపడేది. గడియారమ్మ తాళం భుజాన వేసుకుని వాళ్ళ మధ్యనుంచే మెట్ల వైపు నడిచింది. తమ గుమ్మం దాటుతుంటే అత్తగారు సగం నిండిన డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. కోడలి మొహం చూడలేదు.

మెట్ల మీద చదును దగ్గర తాళం తిప్పి, నిలబడింది. అరగంట అయింది. బిందెలు పట్టుకున్నవాళ్ళు అలవాటుగా కుళాయిల దగ్గర్నుంచి లేవబోయారు. ఇస్త్రీ అక్క వచ్చి చూసింది.

"ఏంటి, ఇవాళ నీ గడియారం ఆగిందా?"

"ఆగలేదు. అది నా తప్పు తెలియనివ్వలేదు." గడియారమ్మ తల దించుకోలేదు. "కాలం సమానంగా ఇస్తే నీళ్ళు సమానంగా ఇచ్చాననుకున్నా. కాదట. బిందెలో పోసుకోమంటావా అన్నావు చూడు, నువ్వన్నదే నిజం."

ఇస్త్రీ అక్క వెనక కుళాయి నిదానంగా పోస్తూనే ఉంది, నూలుపోగులాగానే, కానీ ఆగకుండా.

"మరి ఇన్నేళ్ళ సంగతో?" అందావిడ.

గడియారమ్మ మెట్లమీద కూర్చుని అంకెలు తిరగడం చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి ఇస్త్రీ అక్క కూడా వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "ఏదీ, అందులో ఏం కనపడుతుంది?" అంది. గడియారమ్మ చూపించింది. నల్లవి కిలోలీటర్లు, ఎర్రవి లీటర్లు. ఒక్క నల్ల అంకె తిరిగితే అరవై ఆరు బిందెల పైన. పెట్టె ఎంతుంటుందో చేతులు చాపి, నడుము దాకా కొలిచి చూపించింది. ఇస్త్రీ అక్క రెండోసారి చెప్పించుకోలేదు. ఇస్త్రీపెట్టె లోపలి బొగ్గు ఎంతసేపు మండుతుందో చూసి చెప్పగల మనిషి, కొలతలు ఆవిడకి కొత్తేం కాదు.

*

ఇంట్లో అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. "మీ ఆవిడతో చెప్పు" అని కొడుకుతో చెప్పేది, ఆవిడ పక్కనే ఉండగా. వీధిలో గోరంతలు కొండంతలయ్యాయి. పైవాళ్ళకి ఇరవై వదులుతోందట, ముప్పై వదులుతోందట, మనకి మీటరు చూపించి అక్కడ మళ్ళీ గడియారం చూస్తోందట. కొట్టాయన అయితే అత్తగారి మొహం మీదే అనేశాడు. "నీ కోడలు న్యాయం న్యాయమంటూ అక్కడ పుణ్యం మూటగట్టుకుంటోంది పెద్దమ్మా, మన డ్రములు ఖాళీ చేసి."

ఆ మాట ముసలావిడకి ఎక్కడో గుచ్చుకుంది. కోడలిని తాను తిట్టడం వేరు, కొట్టాయన తిట్టడం వేరు.

మర్నాడు గడియారమ్మ పల్లపు వీధి కట్టేసి మెట్లెక్కుతుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. అత్తగారు. ఒక్కొక్క మెట్టు మీదా మోకాలు పట్టుకుని, ఆయాసపడుతూ వస్తోంది.

"ఎందుకత్తయ్యా ఈ వయసులో?"

"ఎంత వదులుతావో నా కళ్ళతో చూస్తా" అంది అత్తగారు. అన్ని రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదే.

చదును మీద ఇస్త్రీ అక్క అప్పటికే మీటరు పక్కన సిద్ధంగా ఉంది. ఈమధ్య రోజూ అంతే. పీట తెచ్చి పెద్దావిడకి వేసింది. అత్తగారు కూర్చుని, చీర చెంగుతో మొహం తుడుచుకుని, చుట్టూ చూసింది. పైఇళ్ళకి గొట్టం లేక ఇక్కడి కుళాయిల్లో పట్టుకుని, నీళ్ళు మోసుకుంటూ పైకి పోతున్న ఆడవాళ్ళు. ఒకావిడ పసిబిడ్డని చంకనేసుకుని రెండో చేత్తో బకెట్టు లాక్కుపోతోంది. ఈ మెట్లన్నీ ఎక్కాక మనిషికి మాటే రాదు, ఇక బిందె ఎత్తుకుని ఎలా ఎక్కుతున్నారో అత్తగారికి అర్థం కాలేదు.

గడియారమ్మ వదిలేముందున్న అంకె తీసేసి, పెరిగింది లెక్కపెడుతోంది. పద్నాలుగు. పదిహేను. పదహారు. ఆపైన లీటర్లు నెమ్మదిగా పెరిగి అయిదొందల దగ్గరికి వచ్చాయి. తాళం మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు. పసిబిడ్డ తల్లి మళ్ళీ బకెట్టుతో దిగి వస్తోంది. ఇన్నేళ్ళ సంగతో అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఇంకొంచెం పోతే ఏమవుతుంది? అయిదు బిందెలతో బతికించిన వీధికి ఓ నాలుగు బిందెలు ఎక్కువ పోస్తే కొంపలు మునిగిపోతాయా? అత్తగారు చూస్తోందని తెలుసు. అయినా లీటర్లు అయిదొందలు దాటాయి.

"కట్టెయ్యి" అంది ఇస్త్రీ అక్క.

గడియారమ్మ ఉలిక్కిపడింది. "ఉండనీ అక్కా. ఇన్నాళ్ళూ మీకు…"

"పదహారున్నర దాటింది. కట్టెయ్యమన్నానా!"

"కాసేపే గదా. మీకు రావలసింది ఎంతో పోయింది, నా చేతులమీదుగానే పోయింది."

"పోయింది పోయింది. అది నువ్వు బిందెలతో పూడ్చలేవు, నేనూ అడగను." ఇస్త్రీ అక్క లేచి నిలబడింది. గొంతు పెద్దది చేసింది, పైమెట్లవాళ్ళకీ వినపడేలా. "ఇంతకాలం ఎందుకు అరిచాను? జాలిపడి పొయ్యమనా? మాది మాకు కావాలని! ఇవాళ నువ్వు నాలుగు బిందెలు ఎక్కువ పోస్తే, రేపు నేను పల్లపు వీధిలో నడిచేటప్పుడు తల దించుకుని నడవాలి. మాది మేం తీసుకున్నాం, ఒక్క చెంబు ఎక్కువ తీసుకోలేదని వాళ్ళ మొహం మీద చెప్పగలగాలి నేను. తిప్పు!"

బకెట్టు పట్టుకున్న పసిబిడ్డ తల్లి ఆగిపోయింది. ఒకసారి బకెట్టు వైపు చూసుకుంది, ఒకసారి ఇస్త్రీ అక్క వైపు. "తిప్పెయ్యి వదినా, అక్క చెప్పిందిగా" అంది.

గడియారమ్మ తాళం తిప్పింది. ఇలాంటి మనుషులకి నీళ్ళు పంచే పని తనదని ఆవిడకి ఒళ్ళంతా గర్వంగా అనిపించింది.

అత్తగారు పీట మీదనుంచి లేచింది. "కాసిని మంచినీళ్ళియ్యమ్మా" అంది ఇస్త్రీ అక్కతో. ఇచ్చిన గ్లాసు నిలబడే గుటగుటా తాగేసి, గ్లాసు తిరిగిచ్చి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. గడియారమ్మ పక్కనే చెయ్యి పట్టుకుని దింపింది. ముసలావిడ చెయ్యి విదిలించుకోలేదు.

కింద కొట్టాయన తలుపులు తీస్తూ చూశాడు. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి ఉన్నారు.

"ఏం పెద్దమ్మా, స్వయంగా చూసొచ్చావటగా? ఎంత వదిలిందేం నీ కోడలు, పాతికా?"

"పదహారున్నర. ఓ నాలుగు చెంబులు దాటిందేమో, దాటనిచ్చింది కూడా నా కోడలే" అంది అత్తగారు. ఆయాసంతో గుమ్మం చెక్క పట్టుకుంది. "కట్టెయ్యమని అరిచిందెవరో తెలుసా? ఆ ఇస్త్రీ ఆవిడ! నిండా నీళ్ళు పోస్తుంటే ఇక చాలు, మా వంతు అయిపోయిందంది. ఇంతమందిమి ఉన్నాం ఈ వీధిలో, ఎప్పుడైనా అన్నామా ఆ మాట? నువ్వన్నావా? నేనన్నానా?"

కొట్టాయన కొట్టు తలుపు గడియ సర్దుకోసాగాడు.

"రేపు నా కోడలు ఇక్కడ తాళం తిప్పేటప్పుడు నేనూ గుంట దగ్గరే నిలబడతా" అంది ముసలావిడ. "ఎవరేమంటారో నాతో అనండి. ఏమే, ఆ అంకెల్లో నల్లవేవో ఎర్రవేవో ఇంటికెళ్ళాక నాకూ చెప్పు. పద."